ఊపిరి అడిగే బొమ్మ

మాలతిని మనం గద్వాల ఫంక్షన్ హాలు వేదిక మీద, చేతిలో తెల్లగుడ్డతో నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, వారమంతా అలాగే నిలబడి ఉంది. ఇక కూర్చోబెడదాం.

దారిలో వచ్చి కలిసిన పాఠకులకు నాలుగు ముక్కలు. మాలతి నర్సులకు పాఠం చెప్పే నర్సు. ఊరు పెద్దమందడి. అమ్రాబాద్ అడవి అంచు నుంచి ధరూర్ కృష్ణ ఒడ్డు దాకా, కొత్తగా కాంట్రాక్టు ఉద్యోగాలకు ఎంపికైన ఆడపిల్లలకు పసిబిడ్డలను కాపాడే పని నేర్పడం ఆమె బాధ్యత. శిక్షణాధికారి డాక్టర్ శివశంకర్ బ్యాచిని మూడు ముక్కలు చేద్దామన్నారు. పట్నం పిల్లలు ఒక చోట, పల్లె పిల్లలు ఒక చోట, అడవి వైపు పిల్లలు ఇంకో చోట. మాలతి ససేమిరా అంది. ఒకే హాలు, ఒకే బంతి, ఒకే పరీక్ష, ఎవరికీ ఎక్కువా లేదు తక్కువా లేదు అంది. శివశంకర్ మామూలుగా ఎవరి మాటా వినే మనిషి కాదు. మాలతి మాట మాత్రం రెండోసారి అనిపించుకోకుండా వింటారు. ఎందుకో ఆఫీసులో ఎవరికీ తెలియదు. మాలతికీ తెలియదు.

అలా గెలిచిన మాటే గత వారం చెప్పిన కథలో ఆమె మెడకు చుట్టుకుంది. బ్యాచిలో అందరికంటే పనిమంతురాలు, గద్వాల పిల్ల ఉమేరా, పరీక్ష బొమ్మ ముందుకు వచ్చి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని "నేను ముట్ట మేడం" అంది. అదీ డాక్టరు గారి కళ్ల ముందే అంది. ఆయన జీపెక్కుతూ చెప్పిన మాట ఇది: "రేపు సాయంత్రం నేను నాగర్‌కర్నూల్ నుంచి తిరిగొచ్చేవరకు ఆ పిల్ల బొమ్మ పరీక్ష చెయ్యాలె. లేకుంటె పేరు తీసేస్త. ఒకే పరీక్ష అన్నది మీరే సిస్టర్."

ఆ రేపు ఇవాళే.

మూఢం నడుస్తోంది కాబట్టి ఆ హాలు దొరికింది. పెళ్లిళ్లు లేని రోజుల్లో ఫంక్షన్ హాలంత దిగులు చోటు ఇంకొకటి ఉండదు. స్తంభాలకు అతికించిన అద్దాలు ఎవరూ లేని హాలును ఒకదానికొకటి చూపించుకుంటుంటాయి. ఎవరి లగ్గానికో కట్టి, విప్పకుండా వదిలేసిన కాగితం పూలు ఫ్యాను గాలికి ఊగుతుంటాయి. వేదిక మీద వధూవరుల ఎర్ర మఖ్మల్ కుర్చీలు రెండు. హాలు మొత్తంలో మెత్త ఉన్న కుర్చీలు అవే కాబట్టి డాక్టరు గారు వచ్చినప్పుడల్లా పెళ్లికొడుకు కుర్చీలోనే కూర్చునేవారు. పక్క కుర్చీ ఖాళీగా ఉండటం చూసి పిల్లలు చున్నీలు నోటికి అడ్డం పెట్టుకునేవారు.

కుర్చీల ముందు బల్ల. బల్ల మీద బొమ్మ.

హైదరాబాదు నుంచి అట్టపెట్టెలో వచ్చిన రబ్బరు బిడ్డ అది. పాలమూరులో ఏ తల్లికీ పుట్టని గులాబీ రంగు. కళ్లు మూసి, నోరు కొద్దిగా తెరిచి ఉంటుంది. దుమ్ము పడకుండా మాలతి దాన్ని తల నుంచి కాళ్ల దాకా ఉతికిన తెల్లగుడ్డతో కప్పి ఉంచేది. పరీక్ష వేళకు ఆ గుడ్డతోనే ఎత్తి బల్ల నడుమ పెట్టి, గుడ్డ చెంగు పట్టుకుని లాగి, ఒక్కో పిల్లనూ పిలిచేది. గొంతులో ఏ తడీ లేకుండా మూడు మాటలు అనేది.

"బిడ్డ పుట్టింది. ఏడవలేదు. ఊపిరి లేదు."

ఆ మాట వినగానే పిల్ల ముందుకొచ్చి బిడ్డను తుడవాలి, వీపు రుద్దాలి, తల సరిగ్గా పెట్టాలి, రబ్బరు సంచి మూతికి ఆనించి, నొక్కి గాలి ఊదాలి. అందరికీ అదే బొమ్మ, అదే మాట, అదే గొంతు. ఒకరికి మెత్తగా, ఒకరికి గట్టిగా వినబడకూడదని ఆ గొంతును ఆమె అద్దం ముందు సాధన చేసింది కూడా. నవ్వకండి. నర్సింగ్ చదివేటప్పుడు పల్లెటూరి పిల్లవని వెనక బెంచీలో కూర్చోబెట్టిన సంగతి ఆమె మరిచిపోలేదు. అందరినీ ఒక్క తీరుగా చూడటమే న్యాయమని మనసారా నమ్మింది.

ఆ ఉదయం మిగిలిన పిల్లల చేత బొమ్మ పరీక్ష చేయించింది. ఉమేరా రాలేదు. పరీక్ష ముగిశాక పిల్లలంతా వరసగా తలస్నానాలు చేశారు. మాలతి కూడా నాలుగు చెంబులు తల మీద గుమ్మరించుకుని, తడి జుట్టును వదులుగా అల్లుకుని, వేదిక మెట్ల మీద కూర్చుంది. మేడ మీద పిల్లలు తలలు ఆరబెట్టుకుంటున్నారు. జూరాల నీటి మీదుగా వచ్చే గాలి మెట్లు దిగి హాల్లోకి వస్తోంది. దాంతోపాటు కుంకుడు వాసన. ఎవరో సన్నగా ఏదో పాడుతున్నారు. మాట అందడం లేదు, రాగం మాత్రం అందుతోంది. మాలతికి కునుకు పట్టింది.

ఎప్పుడూ వచ్చే కలే వచ్చింది. రేకుల కప్పు మీద వాన. చెమ్మెక్కిన సున్నపు గోడ. గోడ పక్కన ఎవరో అటు తిరిగి నిలబడి ఉంటారు, ముఖం కనబడదు. ఒక గొంతు ఏదో అంటుంది. వాన హోరులో ఆ మాట కలిసిపోతుంది. వినాలని మాలతి మెడ ఎత్తుతుంది. అంతలో మెలకువ వచ్చేస్తుంది.

ఈ కల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చాలా ఏళ్ల కింద నాగర్‌కర్నూల్‌లో ఆమె ఒక బిడ్డను కన్నదనీ, ఆ బిడ్డ ఇల్లు చేరలేదనీ పెద్దమందడిలో అందరికీ తెలుసు. ఆ పొద్దు ఎలా గడిచిందో మాత్రం ఎవరూ అడగలేదు. కట్టుకున్నవాడు కూడా అడగలేదు. అడగనిదే చెప్పే అలవాటు మాలతికి లేదు.

"మేడం, జర లేవుండ్రి. ట్యాంకి మళ్ల ఒడిసింది."

హాలు వాచ్‌మన్ నర్సింహులు ఎదురుగా నిలబడి ఉన్నాడు. నీళ్ల గురించి ఈ వారంలో అతను ఫిర్యాదు చేయని రోజు తక్కువ.

"ఎండకాలం గద నర్సింహులు. పిల్లలు స్నానం చెయ్యకుంటె ఎట్ల?"

"చెయ్యొద్దంటలేను మేడం. లగ్గాలకు ఊరంత దిగినా ఇన్ని నీళ్లు వోవు. తెల్వక అడుగుత, మీ బొమ్మకు నా ట్యాంకికి ఏంది సంబంధం?"

"బొమ్మకా?"

"అవును మరి. బొమ్మ తీసిన నాడే నీళ్లు ఒడుస్తున్నయ్. మీరు బోర్డు మీద రాసి పాఠం చెప్పిన నాడు ట్యాంకి నిండుగనే ఉంటది. ఎండ మాత్రం దినాం ఒక్కతీరుగనే కొడుతుండె."

కరెంటు వచ్చాక మోటరేస్తానని గొణుక్కుంటూ అతను వెళ్లిపోయాడు. మాలతికి నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వు సగంలో ఆగిపోయింది. లేచి మేడ మెట్లెక్కింది.

మేడ మీద దృశ్యం చూస్తే ఎవరైనా అక్కడే నిలబడిపోతారు. పిట్టగోడ పొడుగునా విప్పిన జుట్టులు. వేడి గాలిలో మెల్లగా లేస్తున్నాయి, వాలుతున్నాయి. అంత వెలుగులో పిల్లల ముఖాలు సరిగ్గా కనబడటం లేదు. మాలతి వాళ్లను చూస్తూ, ఇంతమంది ఒకేసారి తలకు పోసుకోవడం తాను ఎప్పుడు చూసిందా అని ఆలోచించింది. చావింటి నుంచి తిరిగొచ్చిన రోజున చూసింది.

"జములమ్మా," అని పిలిచింది. జములమ్మది ధరూర్ దగ్గర పల్లె. పక్కనే అమ్రాబాద్ పిల్ల తిరుపతమ్మ. ఇద్దరూ దువ్వెన ఒకటే పంచుకుంటున్నారు. "ఊకె తలకు ఎందుకు పోసుకుంటుండ్రు?"

"ఎండలు మేడం."

"నిజం చెప్పు బిడ్డా. నేనేమన."

జములమ్మ తిరుపతమ్మను చూసింది. తిరుపతమ్మ దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీస్తూ అంది. "ముట్టినం గద మేడం."

"దేన్ని?"

"బొమ్మను. మీరు ఊపిరి లేదంటిరి. ఊపిరి లేనిదాన్ని ముట్టినంక తలకు పోసుకోకుండ బువ్వ ఎట్ల తింటం?"

"అది రబ్బరు బొమ్మ గదనే."

"మాకు తెల్వదా మేడం? నేనైతె ముట్టే ముందు బొమ్మ, బొమ్మ అని లోపట అనుకుంట. జములమ్మ చున్నీ కొసకు ఇంత వేపాకు కట్టుకుంటది. అయినా గాని పోసుకుంటెనే మనసుకు నిమ్మలం."

"చెప్తే మీరు నవ్వుతరనుకున్నం," అంది జములమ్మ. "నర్సువై ఉండి గియ్యేంది అంటరని."

మాలతి నవ్వలేదు. ఆమెకు భయం వేసింది. వీళ్లంతా పరీక్షలో పాసైనవాళ్లు. ప్రతి ఒక్కరూ ఏదో ఒక అడ్డదారి వెతుక్కుని పాసయ్యారు. అడ్డదారి పట్టకుండా, ముట్టనని నోరు తెరిచి చెప్పిన ఒక్క పిల్లనే సాయంత్రం ఇంటికి పంపబోతున్నారు.

"రేపు సెంటర్ల నిజంగ ఒక బిడ్డ పుట్టి ఏడ్వకుంటె? అప్పుడు గూడ ముందు వేపాకు దేవులాడుతరా?"

తిరుపతమ్మ దువ్వెన పక్కన పెట్టింది. బాగా ఆలోచించింది. "అప్పుడు గూడ మీ గొంతే ఇనబడుతదేమో మేడం," అంది.

మాలతి మెట్ల వైపు తిరిగింది. ఏడవని బిడ్డను చూడగానే చేయి ముందుకు పోవాలని ఇన్ని రోజులు నేర్పింది. తీరా చూస్తే చేయి వెనక్కి లాక్కోవడం నేర్పింది. కిందికి దిగుతుంటే తడి జడ వీపుకు చల్లగా తగిలింది. దాని గురించి ఆమె అప్పుడు ఆలోచించలేదు.

పెళ్లికూతురి గదిలో ఉమేరా ఒక్కతే ఉంది. బ్యాగు సర్దుకుని, గోడకున్న పెద్ద అద్దం ముందు కూర్చుంది. అద్దం అంచు చుట్టూ ఏ పెళ్లికూతుళ్లో తీసి అంటించి పోయిన బొట్టుబిళ్లలు, ఎర్రవి, మెరూన్‌వి, రాళ్లు పొదిగినవి. వాటి నడుమ ఉమేరా ముఖం నిద్ర చాలనట్టు ఉంది.

"అప్పుడే సదురుకున్నవా?"

"సాయంత్రం తీసేస్తరు గద మేడం. మునవ్వర్‌కు ఫోన్ చేసిన. ఆటో తీస్కొని వస్తనన్నడు." మునవ్వర్ ఆమె భర్త. గద్వాల, ధరూర్ నడుమ ఆటో నడుపుతాడు.

మాలతి ఆమె పక్కన కూర్చుంది. "మేడ మీద పిల్లలు చెప్పిండ్రు, స్నానాల సంగతి. నీది గూడ అదేనా?"

"నాది స్నానంతోటి పోయేది గాదు మేడం."

అంటూ ఉమేరా చున్నీ కింద చేయి పొట్ట మీద పెట్టుకుంది. ఇన్నేళ్లు ఆడవాళ్ల మధ్య పనిచేసిన మాలతికి ఆ చేయి పెట్టిన తీరు చాలు.

"ఎన్నో నెల?"

"మూడు నడుస్తుంది. ఇంట్ల మా అత్తకు గూడ ఇంక చెప్పలె. కడుపుతోటున్నది జనాజా దిక్కు, పీనుగ దిక్కు సూడొద్దంటది మా గల్లీ ముసలామె తాజ్‌బీ. నేను నమ్ముతనా నమ్మనా నాకే తెల్వదు మేడం. కాని ఆ తెల్లగుడ్డ, మీరు ఊపిరి లేదనుడు... అన్నప్పుడల్ల నా బిడ్డ లోపటుండి ఇంటుందేమో అనిపిస్తది."

"ముందే నాతోటి చెప్పొద్దా?"

"చెప్తే వచ్చే బ్యాచిల రా అంటరు. వచ్చే బ్యాచి ఎప్పుడో ఎవరికెరుక? మా గల్లీల ఆడోళ్లు దవాఖాన అంటెనే పరేషాన్ అయితరు. అక్కడ మా ఉర్దూ మాట ఎవ్వరికి రాదు గద. నేనుంటనంటె వస్తమన్నరు. అందుకే చెప్పలె." ఉమేరా గొంతు తగ్గింది. "అందరికి ఒకటే రూల్ అని మీరే అంటిరి."

అందరికీ ఒకటే. ఊరందరికీ ఒకే కొలతతో రవికెలు కుట్టి, పట్టనివాళ్లది ఒంటి తప్పు అన్నట్టుంది తన న్యాయం. మాలతికి సిగ్గుగా అనిపించింది. తనను వెనక బెంచీలో కూర్చోబెట్టినవాళ్లు కూడా తమది న్యాయమనే అనుకుని ఉంటారు.

"ఇంకొకటి మేడం," అంది ఉమేరా. "పుస్తకంల ఊపిరి లేదని లేదు. బిడ్డ ఏడ్వకుంటె అని ఉంది, అంతే. గా మాట మీకు ఎక్కడ దొరికింది?"

మాలతి నోరు తెరిచింది. జవాబు ఎక్కడో అంచు దాకా వచ్చి, రేకుల మీద వాన చప్పుడులో కలిసిపోయినట్టు వెనక్కి పోయింది. "తెల్వదు బిడ్డా," అంది. నిజంగానే ఆమెకు తెలియదు.

కడుపుతో ఉందని తెలిశాక నర్సు చేతులు ఊరుకోవు. బీపీ మిషన్ తెచ్చి ఉమేరా చేతికి పట్టీ చుట్టింది. రబ్బరు బుడ్డ నొక్కింది, వదిలింది. గొట్టం వేళ్ల కింద ఉబ్బి తగ్గింది. మళ్లీ నొక్కింది. మళ్లీ ఉబ్బింది. బీపీ బాగానే ఉంది. పట్టీ విప్పేసిన తర్వాత కూడా మాలతి బుడ్డను నొక్కుతూ, వదులుతూ, గొట్టాన్ని పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఏందైంది మేడం?"

"బొడ్డుతాడు," అంది మాలతి. "పుట్టి ఏడ్వని బిడ్డకు బొడ్డుతాడు దగ్గర పట్టుకుంటె నాడి ఆడుతనే ఉంటది, చానసార్లు. ఆ బిడ్డ పోయినట్టు గాదు. ఊపిరి ఒక్కటే అడుగుతుంటది. మన బొమ్మకు ఆ నాడి లేదు. అందుకే అది..."

మాట పూర్తి చేయలేదు. జములమ్మను కేకేసింది. మిషన్ నుంచి ఊడదీసిన గొట్టానికి ఒక కొస ముడి వేసి, పాత రవికె గుడ్డ చుట్టి కుట్టారు. జములమ్మ దాన్ని వేదిక మీది బొమ్మ బొడ్డు దగ్గర బిగించింది. రెండో కొసకు బుడ్డ. మాలతి బుడ్డ నొక్కింది. ఉమేరా చాలాసేపు చూసి, రెండు వేళ్లు చాపి తాడును పట్టుకుంది.

ఆమె ముఖం మారింది. "కొట్టుకుంటుంది మేడం."

"మరి ముడుతవా?"

"బతికున్న బిడ్డనైతె ఎందుకు ముట్ట?" అంటూ ఉమేరా ఏడ్చేసింది. అది దిగులు దిగిపోయిన ఏడుపు.

పొద్దు వాలుతుండగా జీపు వచ్చింది. శివశంకర్ వచ్చి పెళ్లికొడుకు కుర్చీలో కూర్చున్నారు. పిల్లలు వేదిక కింద చాపల మీద సర్దుకున్నారు. కిటికీల్లోంచి పడిన ఎండ అద్దాల్లో విరిగి హాలంతా తిరుగుతోంది.

"ఏంది సిస్టర్, పిల్ల సిద్ధంగుందా?"

"సిద్ధంగనే ఉంది సార్. బొమ్మనే మారింది."

ఆమె చూపించింది. ఆయన అడ్డు చెప్పకుండా విన్నారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కోపం లేకుండానే అన్నారు. "మిగతోళ్లంత పాత బొమ్మ మీద పాసయిండ్రు. గీమెకు మాత్రం నాడి ఆడే బొమ్మ. మూడు బ్యాచులంటె తేడా చూపిస్తున్ననంటిరి నన్ను. ఇది తేడా గాదా సిస్టర్?"

"ఒక్కదానికి గాదు సార్. అందరు మళ్ల చేస్తరు. పాసైనోళ్లు గూడ."

కింద చాపల మీద గుసగుస లేచింది. పాసైన పరీక్ష మళ్లీ చేయమంటే ఎవరికి మాత్రం ఇష్టంగా ఉంటుంది?

"పాసైనోళ్లు ఎందుకు?"

"వాళ్లు పాస్ గాలేదు సార్, తప్పించుకున్నరు. నేనే నేర్పిన తప్పించుకునుడు." మాలతి స్నానాల సంగతి, వేపాకు సంగతి, ట్యాంకి సంగతి అన్నీ చెప్పింది. ఉమేరా కడుపు సంగతి మాత్రం చెప్పలేదు. అది ఉమేరా చెప్పుకోవాల్సిన మాట.

శివశంకర్ సగం నవ్వారు. "ఎండకాలంల ఎవరు తలకు పోసుకోరు? చదువుకున్న నర్సులు రబ్బరు బొమ్మను ముట్టి మైల అనుకుంటరా? మీరనుకుంటరా?"

"నేనెందుకనుకుంట సార్."

"మేడం తల గూడ తడిగనే ఉంది సార్," అంది జములమ్మ.

ఆమె చాడీ చెప్పలేదు. కనబడిందే అంది, అంతే. మాలతి చేయి దానంతట అదే జడ మీదికి పోయింది. తడి ఇంకా ఆరలేదు. బొమ్మ తీసిన ప్రతిరోజూ తలకు పోసుకుంది. పాఠం చెప్పిన రోజు పోసుకోలేదు. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది ఆమెకు. పెట్టె విప్పిన నాటి నుంచి బొమ్మను గుడ్డతోనే ఎత్తింది, గుడ్డతోనే జరిపింది. ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా వట్టి చేతులతో దాన్ని ముట్టలేదు.

శివశంకర్ ఆమె ముఖం చూసి నవ్వు మానేశారు.

"అయితె ముందు మీరు చెయ్యండ్రి సిస్టర్," అన్నారు నెమ్మదిగా. "మీరు చేస్తే అందరికి కొత్త బొమ్మనే, ఆ పిల్లతోటి సహా. మీరే ముట్టకుంటె పాత లెక్కనే. ఆమె పేరు తీసేస్త."

మాలతి బల్ల దగ్గరికి వెళ్లింది. తెల్లగుడ్డ చెంగు పట్టుకుని తీసి, మడిచి, దూరంగా పెట్టింది. గులాబీ బిడ్డ కళ్లు మూసుకుని పడుకుని ఉంది. ముందు మాట చెప్పాలి కాబట్టి మొదలుపెట్టింది.

"బిడ్డ పుట్టింది. ఏడవలేదు."

మూడో మాట రాలేదు. ఫ్యాను చప్పుడు రేకుల మీద వానలా వినిపించడం మొదలైంది. చెమ్మెక్కిన గోడ. అటు తిరిగి నిలబడ్డ మనిషి. బల్ల మీద పడుకుని మెడ ఎత్తిన తను. ఈసారి మెలకువ రాలేదు. ఈసారి ఆ గొంతు పూర్తిగా వినబడింది, తడి లేకుండా, ఎటూ ఒరగకుండా. ఊపిరి లేదు. ఉమేరా అడిగిన మాట ఎక్కడ దొరికిందో మాలతికి ఇప్పుడు తెలిసింది. అది తను అల్లిన మాట కాదు. తన బిడ్డ మీద ఎవరో అన్న మాట. దాన్ని ఇన్నేళ్లు దాచుకుని, ఇక్కడికి తెచ్చి, ఈ పిల్లలందరికీ పంచింది.

చేతులు లేవలేదు.

ఎవరో పక్కకు వచ్చి నిలబడ్డారు. ఉమేరా. బుడ్డ చేతిలోకి తీసుకుని నొక్కడం మొదలుపెట్టింది, నిదానంగా, తప్పకుండా. "పట్టుకోండ్రి మేడం. నేనున్న గద."

మాలతి రెండు వేళ్లతో తాడును పట్టుకుంది. ఆడుతోంది. వేళ్ల కింద చిన్నగా, మొండిగా ఆడుతోంది. ఆమె కళ్లు మసకబారాయి.

"బిడ్డ పుట్టింది," అంది మళ్లీ. "ఏడవలేదు. నాడి ఆడుతుంది."

ఇక చేతులు ఆగలేదు. తుడిచింది. వీపు రుద్దింది. తల సరిచేసి సంచి మూతికి ఆనించి గాలి ఊదింది. రబ్బరు ఛాతీ లేచింది, దిగింది, మళ్లీ లేచింది. కింద ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. తిరుపతమ్మ చాప మీద నుంచి లేచి నిలబడింది, తర్వాత నేను అన్నట్టు. జములమ్మ చున్నీ కొస విప్పి వేపాకు పారేసింది.

మాలతి సంచి కింద పెట్టింది. తాడు మాత్రం వదల్లేదు. ఎవరి వైపూ చూడకుండా, తనలో తాను అనుకున్నట్టు అడిగింది.

"ఆ పొద్దు ఎవరన్న గిట్ల పట్టుకొని చూసిండ్రా?"

పిల్లలు ముఖముఖాలు చూసుకున్నారు. మేడం ఏ పొద్దు గురించి అడుగుతోందో, ఎవరిని అడుగుతోందో వాళ్లకు అర్థం కాలేదు. వెనక ఎర్ర కుర్చీ కిర్రుమంది. శివశంకర్ లేచి నిలబడ్డారు. కళ్లద్దాలు చేతిలోనే ఉన్నాయి, పెట్టుకోవడం మరిచిపోయారు.

"చూడలేదు సిస్టర్," అన్నారు. "చూడాలె అని అప్పుడు తోచలేదు. రేకుల మీద ఒకటే వాన."

ఉమేరా చేతిలో బుడ్డ ఇంకా ఆడుతూనే ఉంది. మాలతి మెల్లగా వెనక్కి తిరిగింది. ఆ రోజు వాన పడిందని ఆమె ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.